కింది రేవు

మాది మునిగిన ఊరు. కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 నుంచి ఆ పక్కనంతా నంద్యాల జిల్లా అంటున్నారు. శ్రీశైలం డ్యాం నీళ్ళల్లో పోయిన వందకు అటూ ఇటూ ఊళ్ళల్లో మాదొకటి. పేరు రాయడం లేదు. ఏ ఊరి పేరు రాసినా మాదిగవాడ కత ఒకటే కదా. ఊరు మునిగిన ఎనిమిదేండ్లకు కొత్తూళ్ళో పుట్టినదాన్ని నేను. పాతూరి గాలి కూడా పీల్చలేదు. అయినా ఎవరన్నా "మీదే ఊరమ్మా?" అంటే నా నోట పాతూరి పేరే వస్తుంది.

మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే. డిగ్రీ చదివింది నేనే. నెలనెలా గవర్మెంటు జీతం తీసుకున్నదీ నేనే. ఇప్పుడు ఆ డ్యాం వెనక నీళ్ళ ఒడ్డునే ఒక హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. ఎనిమిది, తొమ్మిది తరగతులకు ప్రాజెక్టుల పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నా గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఇది రాయడానికి కారణం ఆ అడ్డమే.

ముందు మా అవ్వ సంగతి చెప్పాల.

శివరాత్రి దగ్గర పడుతుండంగా మా అవ్వ కాళ్ళు ఇంట్లో నిలిచేవి కావు. డ్యాంలో నీళ్ళు తగ్గి వెనక్కి పోయేకొద్దీ పాతూరు మెల్లమెల్లగా బయటపడేది. ఎవరో ఒక గొర్లకాపరి వచ్చి "అవ్వా, గుడి స్తంభాలు తేలినాయి" అని చెబితే చాలు, మరునాడు పొద్దున్నే సద్ది మూట కట్టుకోని బయలుదేరేది. నాకు తొమ్మిదేండ్లప్పుడు మొదటిసారి నన్ను తీసుకపోయింది. నాలుగు మైళ్ళు నడిచినాం. ఒండ్రు ఎండి, నెర్రెలిచ్చి, అరికాళ్ళకు గుచ్చుకుంటాంది. ఎక్కడ చూసినా గుల్లలు, చచ్చిన చేపల ముళ్ళు.

అవ్వ చెయ్యి చాపి ఒక్కోటీ చూపించింది. "ఇది పెద్దరెడ్డి మిద్దె. ఇది చావిడి అరుగు. ఇది ఊరి బావి, మనం దాని దగ్గరికి పోగూడదు." బావి నిండా బురద. ఊరు ఖాళీ అయి పదిహేడేండ్లు. ఇంకా ఆమె "పోగూడదు" అనే అంటాంది. రాతి గోడలు మోకాటి ఎత్తున నిలబడి ఉన్నాయి. గడప రాళ్ళు, గూళ్ళు, రోళ్ళు, అన్నీ ఉన్నాయి.

"మరి మనిల్లేదవ్వా?"

అవ్వ పలకలేదు. ఊరికి దిగువకు నడుచుకుంటా పోయింది. అక్కడ ఏమీ లేదు. బోద కొట్టాలు, మట్టి గోడలు. మొదటి నీళ్ళకే కరిగిపోయినాయి. ఊరు తేలినా మా వాడ తేలలేదు. అవ్వ కాళ్ళతో తడుముకుంటా అటూ ఇటూ తిరిగి, ఒకచోట కూలబడి, చేతుల్తో మట్టి గీకింది. ఒక రాతి అంచు కనబడింది. "లంద," అన్నది. "మీ తాత తోళ్ళు నానేసిన లంద ఇది. దీనికి ఉత్తరంగా పది అడుగులేస్తే మన పొయ్యి." పది అడుగులేసి అక్కడ కూచోని సద్ది విప్పింది. నేను ఆ రోజు మా పాతింట్లో అన్నం తిన్నాను.

పాతూళ్ళో ఏటికి మూడు రేవులు ఉండేవంట. ఎగువన పెద్దోళ్ళ రేవు. దాని కింద సాకలి రేవు. అన్నింటికీ కింద మా రేవు. పైన వాళ్ళు తానాలు చేసి, బర్రెల్ని కడిగి, సాకలోళ్ళు ఊరి బట్టలు ఉతికినాక ఆ నీళ్ళు మా దగ్గరికొచ్చేవి. మా రేవు దిగువన మా లందల మురికి. అది ఏ ఊరికి పోయేదో, ఏ కింది రేవు వాళ్ళు తాగినారో. ఆ మాట అవ్వను ఒకసారి అడిగినాను. "మన కింద చేపలుండాయి," అని నవ్వింది.

అయితే మావోళ్ళు పారే నీళ్ళు తాగలేదు. చెలిమ తవ్వుకున్నారు. నీళ్ళ అంచుకు నాలుగు బారలు ఇవతల ఇసుకలో మోచేతి లోతు గుంట తవ్వితే అడుగున నీళ్ళు ఊరతాయి. మొదటి నీళ్ళు తోడి పారబోయాల. రెండోసారి ఊరినవి తేరుకున్నాక చిప్పతో ముంచి కడవలో పోసుకోవాల. ఇసుకలో వడగట్టుకోని వచ్చిన నీళ్ళు కొబ్బరినీళ్ళ మాదిరి ఉండేవంట. "చెలిమ ఎవురు తవ్వుకుంటే వాళ్ళది. దాంట్లో మనల్ని ఎవురూ కాదనలా," అనేది అవ్వ. ఊరి బావిలో మాకు చేద లేదు. గుళ్ళో తీర్థం లేదు. ఏటి ఇసుక మాత్రం మమ్మల్ని నీదే కులమని అడగలేదు.

మా తాత కపిల బానలకు తోలు తొండాలు కుట్టేవాడు. ఆ చుట్టుపక్కల రెడ్ల బావులన్నిటికీ ఆయన కుట్టిన తొండాలే. చచ్చిన ఎద్దు తోలు తెచ్చి, సున్నంలో నానేసి, తంగెడు చెక్క నీళ్ళల్లో ఊరేసి, మెత్తగా చేసి కుట్టేవాడు. ఆయన చేతి కుట్టులోంచి ఒక్క చుక్క కారేది కాదని చెప్పుకునేవాళ్ళు. బావిలోంచి పైకొచ్చే ప్రతి నీటి బొట్టూ మా తాత తోలు మీదుగా రావాల. చేన్లు తడవాల, రెడ్డి గారి తొట్లు నిండాల. మా తాతకు దప్పికైతే మాత్రం దోసిలి పట్టుకోని దూరంగా నిలబడాల, ఎవరన్నా పైనుంచి పోస్తే తాగాల. ఇది చిన్నప్పుడు విన్నప్పుడు కత మాదిరి విన్నాను. కాలేజీలో చేరినాక ఒకరోజు బస్సులో గుర్తొచ్చి కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

అందుకే ఒక మాట చెప్పాల. పాతూరు మాకు స్వర్గమేమీ కాదు. మునిగిన ఊళ్ళ గురించి రాసేవాళ్ళు కొందరు పచ్చని పొలాలు, పండగలు, కలిసిమెలిసి బతుకులు అని రాస్తారు. ఆ కలిసిమెలిసిలో మేం ఎక్కడున్నామో వాళ్ళు చూడలేదు. ఊరు చెదరడంతో మేర గింజలు పోయినాయి, దాంతోపాటే వెట్టి కూడా పోయింది. తప్పెట కొట్టమని, చచ్చిన గొడ్డు ఈడ్చమని పిలిచే గొంతు ఒక్కసారిగా ఆగిపోయింది. కొత్తూరు రోడ్డు మీదికి వచ్చింది. బడి దగ్గరైంది. పాతూళ్ళోనే ఉండుంటే మా నాయన నన్ను చదివించేవాడా? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. డ్యాం మమ్మల్ని ముంచిందని రాసే చేత్తోనే ఇది కూడా రాయకపోతే అబద్ధం రాసినట్టు.

1963లో నెహ్రూ ఆ డ్యాముకు శంకుస్థాపన చేసినాడు. ఇరవై ఏండ్లు కట్టినారు. మా చిన్నతాత, ఆయన ఈడువాళ్ళు కొందరు రాళ్ళు మోయడానికి ఆ పనికే పోయినారు. తమ ఊరిని ముంచే గోడకు తామే రాళ్ళెత్తుతున్నామని వాళ్ళకు తెలుసో లేదో. తెలిసినా కూలి కూలే కదా. నోటీసులొచ్చినా "ఏటి నీళ్ళు ఇంత దూరం ఎట్లొస్తాయిలే" అనుకున్నారంట. 1981 జూన్‌లో బుల్డోజర్లు, పోలీసులు వచ్చినారు. ఆపరేషన్ డిమాలిషన్ అని దానికి పేరు. ఇంగ్లీషులో పెట్టిన పేరు, మా అవ్వ దాన్ని "డిమాలేసన్ నాడు" అనేది. ఏ సంగతైనా డిమాలేసన్‌కు ముందు, డిమాలేసన్‌కు తర్వాత అని చెప్పేది. ఆ రోజు పొయ్యి మీద సంగటి ఉడుకుతుండంగానే కొట్టం పీకినారంట. కుండ దించడానికి పట్టిన పేలిక చేతిలో అట్లే ఉండిపోయిందంట. రెండు జిల్లాల్లో, కర్నూలు పక్కన, మహబూబ్‌నగర్ పక్కన, లక్షమంది దాకా ఇట్లా లేచినారు.

రెడ్లకు పొలాలకు నష్టపరిహారం వచ్చింది. చాలదని కోర్టులకు పోయినారు, కొంత పెంచుకున్నారు. వాళ్ళకూ కష్టమే, కాదనను. కొందరు నందికొట్కూరులో, కర్నూల్లో ఇండ్లు కట్టుకున్నారు. మాకు గుడిసెకింత అని ఇచ్చినారు. ఎంతిచ్చినారో అవ్వ ఒక్కోసారి ఒక్కో లెక్క చెప్పేది. మా అసలు ఆస్తి ఏ కాగితంలోనూ లేదు. ఎండాకాలం ఏటి ఇసుకలో దోస, కలింగర పాదులు పెట్టుకునేవాళ్ళం. దానికి పట్టా ఎవరిస్తారు? చేపలు, తంగెడు చెక్క, గట్టు మీద కట్టెలు, చెలిమ. వీటన్నిటికీ ఏ రేటు కడతారు? లెక్కలు రాయడానికొచ్చిన గుమస్తా మా తాతను "నీకు భూమెంత?" అని అడిగినాడంట. లేదంటే సున్నా చుట్టినాడు.

2013లో వచ్చిన భూసేకరణ చట్టంలో భూమి లేని కూలీలు, కౌలుదార్లు, చేతిపనులోళ్ళు, చేపలు పట్టి బతికేవాళ్ళు కూడా బాధిత కుటుంబాలే అని రాసినారు. చదివి సంతోషపడినాను. కానీ మా తాత సున్నాకు అప్పటికి ముప్పై రెండేండ్లు.

డిగ్రీలో ఉన్నప్పుడు మమ్మల్ని అలంపురం విహారయాత్రకు తీసుకపోయినారు. అక్కడ కూడవెల్లి సంగమేశ్వరం గుడి చూపించినారు. తుంగభద్ర కృష్ణలో కలిసే చోట ఉండే గుడి అది. డ్యాం నీళ్ళల్లో మునుగుతుందని రాయికి రాయి విప్పి, తెచ్చి, అలంపురంలో మళ్ళీ ఉన్నదున్నట్టు నిలబెట్టినారు. లెక్చరర్ గొప్పగా చెబుతున్నాడు. "ఒక్క శిల్పం కూడా చెడలేదు చూడండి." నిజంగానే గొప్ప పని. శిల్పాలు నాకూ బాగున్నాయి. చాలాసేపు నిలబడి చూసినాను. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండేదో ఎవరో జాగ్రత్తగా గుర్తు పెట్టుకున్నారు. మా వాడలో ఎవరి కొట్టం పక్కన ఎవరి కొట్టం ఉండేదో గుర్తున్న మనిషి మా అవ్వ ఒక్కతే. దేవుడికి పునరావాసం దొరికిందని నా పక్కనున్న స్నేహితురాలితో అన్నాను. ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయినాను.

కొత్తూరు రాతి నేల మీద వేసినారు. కాలనీకి ఒక బోరింగు. ఉప్పునీళ్ళు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. ఎండాకాలం అదీ పోతే అమ్మ, చిన్నమ్మలు, నేను డ్యాం వెనక నీళ్ళకు పోయేవాళ్ళం. ఎగువన ఎన్ని పట్నాల మురికి, ఎన్ని ఫ్యాక్టరీల నీళ్ళు కలిసినాయో ఎవరికి తెలుసు, ఆ నీళ్ళు వచ్చి అక్కడ నిలిచిపోతాయి. చెలిమ తవ్వుదామంటే ఇసుక లేదు. అంతా ఒండ్రు. మడమ దాటి దిగబడుతుంది. అమ్మ కొంగు మడతేసి కడవ మూతికి కట్టి వడపోసేది. అవ్వ ఆ నీళ్ళను చూసి మూతి తిప్పేది. "నీళ్ళు పారాల. నిలిచిన నీళ్ళు గొడ్డు కూడా వాసన చూసి తాగతాది," అనేది.

నా తర్వాత ఒక తమ్ముడు పుట్టినాడు. నాలుగేండ్లు బతికినాడు. వానాకాలం మొదట్లో కొత్త నీళ్ళు వచ్చిన వారానికి కాలనీలో వాంతులు, బేదులు మొదలైనాయి. ఎద్దులబండిలో రోడ్డు దాకా తీసుకపోయి బస్సుకు ఎదురుచూసినారు. బస్సు వచ్చేసరికి పిల్లోడు లేడు. ఏ కాగితంలోనూ ఆ చావు డ్యాం ఖాతాలో రాయలేదు. రాయరు కూడా. నేనూ గట్టిగా చెప్పలేను, ఏ నీళ్ళు తాగి పోయినాడో. అమ్మ మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ వెనక నీళ్ళకు పోలేదు. రెండు మైళ్ళ అవతల రెడ్డి బావికాడికి పోయి, మోటారు వేసినప్పుడు కాళ్ళు పట్టుకోని రెండు కడవలు తెచ్చేది. తాత దోసిలి పట్టిన చోటికే అమ్మ కడవ పట్టుకోని పోయింది.

ఆ డ్యాం నీళ్ళతో కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున 900 మెగావాట్ల కరెంటు తీసే మిషన్లు పెట్టినారు. 1983 ఒప్పందంతో మద్రాసుకు 15 టీఎంసీల తాగునీళ్ళు ఇస్తామన్నారు. మద్రాసోళ్ళ దప్పిక దప్పికే, వాళ్ళకిచ్చినందుకు నాకు కోపం లేదు. మా కాలనీలో దీపం వెలగడానికి, కొళాయి రావడానికి మాత్రం ఎన్నేండ్లు పట్టిందో చూస్తే కడుపు మండుతుంది.

1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అన్నారు. మా నాయన అర్జీ పెట్టినాడు. మునిగినట్టు సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఇంటి రశీదు తెమ్మన్నారు. కొట్టానికి రశీదు ఎక్కడిది? ఒక ఆఫీసులో గుమస్తా "మునిగినట్టు రుజువేంది?" అని అడిగితే మా నాయన "నాతో రా సార్, ఎండాకాలం చూపిస్తా" అన్నాడంట. అర్జీల కట్ట ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉంది. అక్కడా ఇక్కడా కొందరికి ఉద్యోగాలు వచ్చినాయి. మా నాయనకు వయసు దాటిపోయింది.

ఇక 2009. నేను కర్నూల్లో ఎస్సీ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. అక్టోబర్ 2, గాంధీ జయంతి. దసరాకు ఇంటికి పోయి అప్పుడే తిరిగొచ్చినాం. వానలు కుమ్ముతున్నాయి. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చినాయి. పొద్దున వీధిలో చీలమండ లోతు, చూస్తుండంగానే నడుం లోతు. మెట్లెక్కి మిద్దె మీదికి పోయినాం. నేను ఇంటర్ మెమో, కులం సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో చుట్టి నెత్తిన పెట్టుకున్నాను. మిగతా అందరూ అంతే. ఒక్కొక్కరి నెత్తిన ఒక కవరు. ఆ రాత్రి చీకట్లో గేదెలు అరుస్తా కొట్టకపోతుంటే వింటా కూచున్నాం. నాకు డిమాలేసన్ నాడు గుర్తొచ్చింది. అవ్వకు ఒకసారి, నాకు ఒకసారి.

శ్రీశైలం డ్యాముకు 19 లక్షల క్యూసెక్కుల వరద తట్టుకునేట్టు లెక్క కట్టినారు. ఆ రోజుల్లో వచ్చింది 25 లక్షలు దాటింది. 885 అడుగులు నిండు మట్టమైతే 896 దాటి నిలబడింది. ముందే ఖాళీ చేసి ఉంటే ఇంత ముంపు ఉండేది కాదని కొందరు, ఇంత వాన ఎవరూ ఊహించలేదని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. డ్యాం తెగనందుకు దండం పెట్టుకోవాల. నీళ్ళు తీసినాక ఊరంతా మోకాటి లోతు బురద. ఊరినిండా నీళ్ళు వచ్చి పోయినాయి, తాగడానికి చుక్క లేదు. నీళ్ళ ప్యాకెట్ల లారీ వస్తే పెద్ద వీధి మొదట్లోనే అయిపోయేది. మా హాస్టలు వీధి చివర. కింది రేవు అంటే ఏందో నాకు ఆ వారంలో బాగా తెలిసింది.

అవ్వ 2012లో పోయింది. పాతూళ్ళో తాత పక్కన పెట్టమనేది. ఆ శ్మశానం నీళ్ళ అడుగున ఉంది. కొత్తూరి గట్టున పెట్టినాం.

టీచరైనాక నా మొదటి ప్రాజెక్టుల పాఠం ఇప్పటికీ గుర్తుంది. బహుళార్థ సాధక ప్రాజెక్టులు ఆధునిక దేవాలయాలు అన్నాడు నెహ్రూ, 1954లో భాక్రా నంగల్ దగ్గర. ఆ వాక్యం బోర్డు మీద రాసి వెనక్కి తిరిగినాను. మా కాలనీ పిల్లోడు ఒకడు అడిగినాడు. "టీచర్, ఆ దేవాలయంలోకన్నా మనల్ని రానిస్తారా?" క్లాసు నవ్వింది. వాడు తమాషాకే అన్నాడు. అదే నెహ్రూ 1958కల్లా అంతా భారీగానే కట్టాలనుకోవడం ఒక జబ్బని కూడా మాట్లాడినాడని నేను తర్వాత చదువుకున్నాను. ఆ ముక్క నేనే పిల్లలకు చెబుతాను.

మరి మన బాబాసాహెబ్ ఏమన్నాడు? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు పీడించింది. 1927 మార్చిలో మహద్ చౌదారు చెరువులో దోసిలి ముంచి నీళ్ళు తాగిన మనిషి ఆయన. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా దామోదర్ లోయ, మహానది ప్రాజెక్టుల ప్రణాళికలు నడిపించిందీ ఆయనే. 1945లో కేంద్రంలో జలమార్గాల, సాగునీటి కమిషన్ ఆయన చేతుల మీదుగానే వచ్చింది. అంటే ఆయన డ్యాములకు వ్యతిరేకి కాడు. నదిని కట్టి కరెంటు తీసి, ఫ్యాక్టరీలు పెట్టి, పల్లె కులం పట్టులోంచి పేదోళ్ళను బయటికి తేవాలని ఆయన ఆశ. మా అవ్వ మాటలు వినేటప్పుడు నాకు డ్యాం మీద కోపమొస్తుంది. బాబాసాహెబ్‌ను చదివేటప్పుడు ఆ కోపం కొంచెం తగ్గుతుంది. రెండూ నాలో ఉన్నాయి. చెరువులో దోసిలి ముంచిన హక్కు ముందు, డ్యాం తర్వాత. మావోళ్ళు ఆ వరస తిప్పేసినారని నాకనిపిస్తుంది. డ్యాం కట్టినారు, దోసిలి సంగతి తర్వాత చూద్దామన్నారు.

మన తెలుగు నేల మీద దళితుల పోరాటం ఈ మలుపు తిరిగింది కూడా నీళ్ళ దగ్గరే కదా. 1985 జూలైలో కారంచేడు. మాదిగలు తాగే చెరువు గట్టున గేదెల కుడితి బకెట్ కడిగి నీళ్ళు పాడుచేస్తుంటే ఒక పిల్లోడు వద్దన్నాడు. మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మరునాడు ఆరుగురిని చంపినారు. మంచినీళ్ళను కాపాడుకోవడమనే మాట ఇప్పుడు సెమినార్లలో వినిపిస్తుంది. ఆ మాట అనకుండానే ఆ పని చేసి మావోళ్ళు ప్రాణాలిచ్చినారు.

డ్యాముకైనా నీళ్ళ ఆరోగ్యం అక్కర్లేదా? కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది. ఒండ్రు పేరుకోని ఇప్పుడు 215 టీఎంసీల చిల్లర అంటున్నారు. మూడో వంతు దాకా మట్టి అయిపోయింది. ఎగువన అడవులు కొట్టి, గట్లు తవ్వి, ఆ మట్టంతా తెచ్చి మా పాతూరి మీద పరిచినారు. మా కాలనీలో కొందరు తెప్పలేసుకోని చేపలకు పోతారు. అవ్వ చెప్పిన చేపల పేర్లు, మలుగు, పెద్ద వాలుగలు, వాళ్ళ వలల్లో తక్కువైపోయినాయి. జిలేబి చేపలే జిలేబి చేపలు. ఎక్కడినుంచో వచ్చి వేలు కూడా దూరని సన్న కన్ను అలివి వలలు వేసి పిల్లచేపల్ని ఊడ్చేస్తున్నారు. అవి వేయకూడదని చట్టముంది. నా క్లాసులో ఒక పిల్ల తండ్రి వాళ్ళను అడగబోయి దెబ్బలు తిని వచ్చినాడు. నీళ్ళు తగ్గినాక తేలిన భూమిలో కొందరు శనగ, మొక్కజొన్న వేసుకుంటారు. దాంట్లోనూ ట్రాక్టరున్నోడిదే ముందు సాలు.

పేపర్లో రోజూ డ్యాం మట్టం వేస్తారు. ఇన్ని అడుగులు, ఇన్ని టీఎంసీలు. 1996లో 834 అడుగులకు తగ్గకుండా చూడాలని జీవో, 2004లో 854 అని ఇంకో జీవో. ఆ ఇరవై అడుగుల మీద రెండు పక్కల నాయకులు ఏండ్ల తరబడి అరుచుకుంటున్నారు. రెండు రాష్ట్రాలైనాక ఆ అరుపు ఇంకా పెరిగింది. కరెంటుకెంత, కాలువకెంత, లిఫ్టుకెంత. నీళ్ళు ఎంత అడుగుకు దిగితే ఏ కాలనీ కొళాయి ఎండుతుందో ఆ లెక్కలో గడి లేదు.

అందుకని ఆ గడి నేనే గీసినాను. రెండేండ్ల కిందట జనవరిలో ఎనిమిదో తరగతి బోర్డు మీద ఒక మూలన పట్టిక వేయించినాను. పేపరు చూసి ఆ రోజు మట్టం రాయాల. దాని కింద మా బడికొచ్చే పిల్లల వీధులు ఐదు. ఏ వీధి కొళాయికి ఎంతసేపు నీళ్ళొచ్చినాయో ఆ వీధి పిల్లలే రాయాల. పాఠంలో భాగమే, వేరే ఉద్దేశం లేదని మొదట్లో నాకు నేను చెప్పుకున్నాను. మార్చికల్లా పట్టిక దానంతటదే మాట్లాడింది. మట్టం దిగేకొద్దీ అన్ని వీధుల్లో నిమిషాలు తగ్గినాయి. ఎస్సీ కాలనీ వరసలో మాత్రం నిమిషాలు తగ్గలేదు, సున్నాలే. పదకొండు రోజులు వరసగా సున్నా. పైపు చివర మేమున్నాం మరి. ఐదు రూపాయలకు ఒక క్యాను మినరల్ వాటర్ కొనుక్కోని తాగుతున్నారు. ఉపాధి పనికి పోయినోళ్ళ ఇంట్లో రోజుకు మూడు క్యాన్లు.

ఒక పెద్దమనిషి బడికొచ్చినాడు. "టీచరమ్మా, పుస్తకంలో ఉండేది చెప్పుకో. రాజకీయాలు నీకెందుకు?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మా హెడ్మాస్టర్ మంచివాడు, భయస్తుడు. "మేడం, పైనుంచి ఏమన్నా వస్తే నేను ఆపలేను" అన్నాడు. మధ్యాహ్నం భోజనం నుంచి వచ్చేసరికి పట్టిక చెరిపేసి ఉంది. ఎవరు చెరిపినారని నేను అడగలేదు. పిల్లలు నా మొహం చూస్తున్నారు. నాకు చేతులు వణికినాయి, అబద్ధమెందుకు. ఉద్యోగం పోతుందని కాదు. ఇల్లు, అమ్మ మందులు, నాయన అప్పులు అన్నీ ఒక్కసారి కండ్ల ముందు తిరిగినాయి. ఆ రోజు రాయలేదు. రెండు రోజులు రాయలేదు. మూడోరోజు కాలనీ పిల్ల ఒకతి లేచి తన నోటుబుక్కు తెచ్చిచ్చింది. మూడు నెలల పట్టిక మొత్తం ఎక్కించుకోని ఉంది. చెరిపేసిన రెండు రోజులవి కూడా.

మొన్న ఎండల మొదట్లో ఆ పిల్లల్ని వెనక నీళ్ళ ఒడ్డుకు తీసుకపోయినాను. చెలిమ అంటే ఏందో చూపిస్తానన్నాను. మాట తప్పితే బాగుండదని తవ్వినాను. మోచేతి లోతు తవ్వినా ఇసుక తగల్లేదు. నల్లటి ఒండ్రు, దాంట్లోంచి మెల్లగా ఊరిన నీళ్ళు.

"వాసనొస్తాంది టీచర్," అన్నాడు ఒకడు.

"మొదటివి తోడి పారబోయాల," అన్నాను. తోడినాం. మళ్ళీ ఊరినయి. అవే నల్లటి నీళ్ళు. మూడోసారి తోడినాక పిల్లలకు విసుగొచ్చి గుల్లలు ఏరుకోవడానికి పోయినారు. నేను గుంట పూడ్చేసి, చేతులు ఒండ్రుతోనే తుడుచుకోని లేచినాను.

తెల్లారి బడికి పోయి బోర్డు మీద ఆ రోజు మట్టం రాయించినాను. నాలుగు వీధుల నిమిషాలు పడినాయి. ఎస్సీ కాలనీ అని రాసిన చోటికి వచ్చేసరికి ఆ పిల్ల సుద్దముక్క పట్టుకోని నా వైపు చూసింది.

"ఎంతమ్మా?" అన్నాను.

"పొద్దున ఒక బిందె వచ్చింది టీచర్. తర్వాత ఆగిపోయింది."

"అట్లే రాయి," అన్నాను.